పురుగుమందు కొట్టినవాడి చొక్కా ఎవరు ఉతుకుతారు?

రణస్థలం, లావేరు వైపు మొక్కజొన్నకు కత్తెర పురుగు పట్టిన రోజుల్లో పొలాల్లో కనిపించే మనిషి ఎలా ఉంటాడో ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. వీపున 16 లీటర్ల ట్యాంకు, మోకాళ్ళ పైకి లుంగీ, కాళ్ళకు చెప్పులుండవు, మూతికి తువ్వాలు. పురుగు మొక్క సుడిలో దాక్కుంటుంది కాబట్టి మందు పైనుంచి సుడిలోకి పడాలి. చేను నడుము ఎత్తు దాటితే నాజిల్ అతని ముఖం దాకా లేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి దండెం మీద పడేస్తాడు. మర్నాడు భార్యో తల్లో దాన్ని పిల్లల బట్టలతో కలిపి నానబెడుతుంది. ఈలోగా అదే చేలోకి కలుపు తీయడానికి నలుగురు ఆడకూలీలు దిగి ఉంటారు.

మందు ఎంతమందికి సోకిందని లెక్క మొదలెడితే అది కొట్టినవాడి దగ్గర ఆగదు.

మన జిల్లాల్లో పురుగుమందుల ప్రసక్తి వస్తే చర్చ మరుక్షణం ఉద్దానం కిడ్నీ జబ్బు మీదికి పోతుంది. "ఆ మందుల వల్లే" అని ఒకరు, "నీళ్ళ వల్ల" అని ఇంకొకరు. ఆ తగువు ఇంకా తేలలేదు, దాని సంగతి చివర్లో చూద్దాం. దాని కింద మరుగున పడిపోతున్నవి ఇప్పటికే తేలిపోయిన విషయాలు. మందు ఒంట్లోకి ఏ దారిన వస్తుంది, ఎవరికి ఎక్కువ తగులుతుంది, అప్పుడు శరీరంలో ఏం జరుగుతుంది అన్నవాటిలో పెద్దగా వివాదం లేదు.

విషం బలం ఒకటి, సోకిన మోతాదు ఒకటి

తాళం వేసిన బీరువాలోని నాగుపాము కన్నా మంచం కింద తేలు ప్రమాదం. పురుగుమందుల లెక్కా అంతే. మందులో విషం ఎంత బలమైనది అన్నది ఒక ప్రశ్న. అది మన ఒంటికి ఎంత, ఎంతసేపు, ఎన్నిసార్లు తగిలింది అన్నది వేరే ప్రశ్న. రెండూ కలిస్తేనే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. షాపులో డబ్బా మీది గుర్తు చెప్పేది మొదటిదాని గురించే.

ఆ గుర్తు డైమండ్ ఆకారంలో, కింది సగం రంగుతో ఉంటుంది. ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే చాలా విషపూరితం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే స్వల్పం. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, దాని కింద వచ్చిన 1971 నిబంధనల ప్రకారం ఈ విభజన చేస్తారు. ప్రయోగశాలలో జంతువులకు మందిచ్చి, సగం జంతువులు చనిపోయే మోతాదును కొలుస్తారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు శరీర బరువు కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే ఆ పని జరిగితే ఎరుపు. 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం ద్వారా ఇచ్చినప్పటి లెక్కలు వేరుగా ఉంటాయి.

ఎలుకల మీద తేలిన లెక్క మనిషికి అచ్చంగా అతకదు. అయినా అంచనా కోసం వేసి చూద్దాం. ఎరుపు డబ్బా పై హద్దు 50 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 3 గ్రాములు. 15 కిలోల పిల్లవాడికి ముప్పావు గ్రాము. అదే మందు, అదే రంగు డబ్బా. అరుగు మీద వదిలేసినప్పుడు దాని ముందు నిలబడింది ఎవరన్నదాన్ని బట్టి ప్రమాదం నాలుగు రెట్లు మారిపోయింది.

ఇంకో చిక్కు ఉంది. ఈ రంగులు చెప్పేది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు ఒంట్లోకి పోతే ఏమవుతుందన్నది మాత్రమే. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తగిలితే ఏమవుతుందో వాటిలో ఉండదు. తెగుళ్ళకు వాడే మాంకోజెబ్‌కు మన దగ్గర ఆకుపచ్చ గుర్తు. అదే మాంకోజెబ్ శరీరంలో హార్మోన్ల పనిని చెదరగొడుతుందని, సంతానానికి హాని చేయగలదని తేల్చి యూరోపియన్ యూనియన్ 2020లో దాని అనుమతిని పొడిగించలేదు. ఆకుపచ్చ అంటే "తాగినా వెంటనే చచ్చిపోరు" అన్నంత వరకే అర్థం.

5 మిల్లీలీటర్లు రెండు లీటర్లతో సమానం

మందు కొట్టేటప్పుడే ప్రమాదమని అందరూ అనుకుంటారు. దానికన్నా ముందు, బకెట్ దగ్గర మందు కలిపే ఆ రెండు నిమిషాల్లో అంతకంటే ఎక్కువ ప్రమాదం ఉంటుంది.

వరిలో పురుగులకు చాలాకాలంగా వాడుతున్న క్లోరిపైరిఫాస్ 20 శాతం మందునే తీసుకుందాం. లీటరు నీటికి 2.5 మిల్లీలీటర్లు. 16 లీటర్ల ట్యాంకుకు 40 మిల్లీలీటర్లు. మూతతో కొలుస్తుంటే చేతి మీద ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు ఒలికిందనుకోండి. ఆ చెంచాడులో ఉన్న విషం, కలిపిన మందు రెండు లీటర్లలో ఉన్న విషంతో సమానం. కొట్టేటప్పుడు రెండు లీటర్ల మందు ఒంటి మీద పడితే ఎవరైనా కంగారు పడతారు. చెంచాడు చేతి మీద ఒలికితే లుంగీకి తుడుచుకుని పని చూసుకుంటారు.

పైగా డబ్బా మందులో చాలావాటికి కిరోసిన్ జాతి ద్రావకం కలిపి ఉంటుంది. చర్మం మీది జిడ్డు పొరను దాటుకుని లోపలికి పోవడానికి అది దారి చేస్తుంది. ఇలాంటి మందు మింగినవారికి ఉప్పునీళ్ళో సబ్బునీళ్ళో పట్టి వాంతి చేయించడం మన ఊళ్ళలో పాత అలవాటు. వాంతి అవుతున్నప్పుడు ఆ ద్రావకం ఊపిరితిత్తుల్లోకి జారితే మొదటి ప్రమాదానికి రెండోది తోడవుతుంది. అందుకే వైద్యులు అది వద్దంటారు.

అరచేయి చర్మం వేరు, నుదుటి చర్మం వేరు

మందు ఎక్కువగా ముక్కు గుండా పోతుందని మనవాళ్ళ నమ్మకం. అందుకే మూతికి తువ్వాలు. కానీ పొలంలో ట్యాంకుతో కొట్టేవారికి చాలామటుకు మందు పోయేది చర్మం గుండా. చర్మం కూడా అన్నిచోట్లా ఒకేలా పీల్చుకోదు. పారాథియాన్ అనే పాత మందుతో మనుషుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1971లో వచ్చాయి. ముంజేయి పీల్చుకునేదాన్ని 1 అనుకుంటే అరచేయి 1.3, పొట్ట 2.1, తల మాడు 3.7, నుదురు 4.2, చంక 7.4. వృషణాల దగ్గరి చర్మం దాదాపు 12.

ఈ అంకెల పక్కన మన పొలంలోని మనిషిని నిలబెట్టి చూడండి. పాత ట్యాంకు మూత దగ్గర వాచరు అరిగి ఉంటుంది. కారిన మందు వీపు మీదుగా నడుములోకి, అక్కడినుంచి లుంగీ ముడి కిందికి దిగుతుంది. పీల్చుకోవడంలో ముంజేయి కన్నా 12 రెట్లు చురుకైన చోట తడి బట్ట పూట పొద్దూ అంటుకుని ఉంటుంది. తువ్వాలేమో మూతికి. అది కూడా తడిశాక మందును ఆపడం మానేసి ముఖానికి పట్టు వేసినట్టు పట్టి ఉంచుతుంది. జీడిమామిడి తోటల్లో ఇంకా ఘోరం. టీ దోమ కోసం చెట్టు పైకి కొడితే మందు తిరిగి నెత్తిన, నుదుటిన పడుతుంది.

గుళికల సంగతి ఎవరూ మాట్లాడరు. వరిలో కాండం తొలిచే పురుగుకు కార్టాప్ 4జీ (నూటికి 4 పాళ్ళు మందు) లాంటి గుళికలు ఎకరాకు 8 కిలోలు ఇసుకలో కలిపి చల్లుతారు. పొగ లేదు, వాసన తక్కువ, చూడటానికి ఎరువులాగే ఉంటాయి. చిన్నప్పుడు మా చినమామయ్య చీపురుపల్లి దగ్గర మడి గట్టు మీద కూర్చుని, బేసిన్‌లో ఇసుకా గుళికలూ చేత్తో కలిపేవాడు, అన్నంలో పప్పు కలిపినట్టు. అదే చేత్తో బీడీ. "ఏటీ అవదురా, రోజూ సేస్తన్నదే కదా" అనేవాడు. అడిగింది నేనే, పదేళ్ళవాణ్ణి, ఆ ఇసుకలో ఆడుకోవచ్చా అని.

కోతకు ఆగే రోజులు, చేలోకి దిగడానికి ఆగే గంటలు

డబ్బాతో వచ్చే కాగితంలో "చివరి పిచికారీకి, కోతకు మధ్య ఇన్ని రోజులు" అని ఉంటుంది. కొబ్బరికి నల్లతల గొంగళి పురుగు పట్టినప్పుడు మోనోక్రోటోఫాస్‌ను వేరు ద్వారా ఎక్కించే పద్ధతి ఒకటుండేది. ఎక్కించాక 45 రోజుల దాకా కాయ కోయకూడదని దానికి లెక్క. ఈ విరామం తినేవాడి కోసం. బెంగళూరులో కొబ్బరికాయ కొట్టేవాడికి అది రక్షణ.

మందు కొట్టిన చేలో మర్నాడు పొద్దున్నే కలుపుకో, ఎరువు చల్లడానికో దిగేవారి కోసం ఉండాల్సింది వేరే విరామం. అమెరికాలో వ్యవసాయ కూలీల రక్షణకున్న నిబంధనల్లో అది ఉంది. మందును బట్టి కనీసం 4 గంటల నుంచి 48 గంటలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువసేపు చేలోకి మనుషులను పంపకూడదు. మన కాగితాల్లో కోత విరామం ప్రముఖంగా కనిపించినట్టు ఈ రెండోది కనిపించదు. ఉత్తరాంధ్రలో కలుపు తీసేది దాదాపు ఆడవాళ్ళే. ఆకుల మీద మంచు, మంచులో కరిగిన మందు, నడుము వంచిన మనిషి. వాళ్ళు మందు ముట్టుకోలేదు కాబట్టి మందుకూలీల లెక్కలోకి రారు.

ఆ తర్వాత ఇల్లు. చొక్కా, తువ్వాలు, చెప్పులు, జుట్టు, సైకిల్ హ్యాండిల్ మీదుగా మందు గడప దాటి లోపలికి వస్తుంది. పాకే పిల్లలు నేల మీది దుమ్మును చేతికి పూసుకుని ఆ చేతిని నోట్లో పెట్టుకుంటారు. బరువుకు తగ్గ లెక్కలో పెద్దవాళ్ళ కన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, ఎక్కువ నీళ్ళు తాగుతారు, మందును విరిచి బయటికి పంపే శక్తి వాళ్ళ శరీరానికి ఇంకా పూర్తిగా రాలేదు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఆ బట్టలు ఉతికితే తగిలేది ఇద్దరికి.

కడిగి ఇంట్లో వాడుకునే ఖాళీ డబ్బాల కథ తెలిసిందే కదా. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది.

వడదెబ్బ అనుకున్నది వడదెబ్బేనా?

క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి ఆర్గనోఫాస్ఫేట్ జాతి మందులు. నరం నుంచి కండరానికి కబురు అందించే రసాయనం ఒకటుంటుంది. కబురు చేరగానే దాన్ని తుడిచేసే ఎంజైమ్ పేరు కోలినెస్టరేజ్. మందు ఆ ఎంజైమ్‌ను పట్టేస్తుంది. మదుం తీసినవాడు మూయడం మరిచిపోతే మడి మునిగినట్టు, కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. చెమటలు, చొంగ, కన్నీళ్ళు, కడుపులో నులి, వాంతులు, కండరాల అదురు, చివరికి ఊపిరి అందకపోవడం. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది.

మధ్యాహ్నం ఎండలో మూడు ట్యాంకులు కొట్టిన మనిషికి చెమట పట్టి, తల తిరిగి, వాంతైతే ఇంట్లోవాళ్ళు ఏమంటారు? "ఎండ దెబ్బ కొట్టీసింది" అంటారు. మజ్జిగ ఇచ్చి పడుకోబెడతారు. రెండింటి లక్షణాలూ మొదట్లో అంత దగ్గరగా ఉంటాయి. ఆర్గనోఫాస్ఫేట్ ఎక్కినవారికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు, ప్రాలిడాక్సిమ్ కూడా వాడతారు, చాలామంది బతికి బయటపడతారు. కలుపు మందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. అది మింగితే ఊపిరితిత్తులూ కిడ్నీలూ దెబ్బతింటాయి. అందుకే డాక్టరు మొదట అడిగేది ఏ మందు అనే. 108 ఎక్కేటప్పుడు డబ్బా కూడా వెంట తీసుకెళ్ళినవారికి ఆ ప్రశ్నతో టైము పోదు.

రక్తపరీక్షతో కోలినెస్టరేజ్ ఎంత తగ్గిందో తెలుసుకోవచ్చు. కాకపోతే ఒక మెలిక. ఆ ఎంజైమ్ మనిషికీ మనిషికీ సహజంగానే ఎక్కువ తక్కువగా ఉంటుంది. సీజను మొదలవకముందు మనిషికి ఎంత ఉందో తెలిస్తేనే తర్వాత ఎంత పడిపోయిందో చెప్పగలం. ఆ మొదటి లెక్క లేకపోతే రెండో లెక్క సగం గుడ్డిదే.

చట్టంలో ఉంది, యజమాని ఎవరో తేలదు

ఆశ్చర్యం కలిగించే సంగతేమిటంటే ఆ మొదటి లెక్కకు దారి మన చట్టంలోనే ఉంది. 1971 నిబంధనల్లో 37వది, మందుల తయారీలోనూ పిచికారీలోనూ ఉన్నవారికి పనిలో చేరేముందు వైద్య పరీక్ష, ఆ తర్వాత తయారీలో ఉన్నవారికి మూడు నెలలకోసారి, మిగతావారికి ఏడాదికోసారి పరీక్ష జరగాలంటుంది. ఆర్గనోఫాస్ఫేట్, కార్బమేట్ జాతి మందులు తయారుచేసే చోట పనిచేసేవారికి నెలకోసారి కోలినెస్టరేజ్ చూడాలి. రక్షణ దుస్తులు, శిక్షణ, ఖాళీ డబ్బాల పారవేత గురించి కూడా ఆ పక్కనే నిబంధనలు ఉన్నాయి.

ఫ్యాక్టరీలో దీన్ని అమలు చేయించడానికి ఒక యజమాని దొరుకుతాడు. ఊళ్ళో? ఒక మనిషి సోమవారం ఒకరి వరికి, బుధవారం ఇంకొకరి మొక్కజొన్నకు, శుక్రవారం తను కౌలుకు చేస్తున్న అరెకరానికీ కొడతాడు. చాలాచోట్ల కూలి ట్యాంకు లెక్కన. అతని వైద్య పరీక్ష ఎవరి బాధ్యత? సన్నకారు రైతును "నువ్వే యజమానివి, కిట్టు నువ్వే కొను" అంటే అతను కూడా కూలికి వెళ్ళేవాడే. ఏమీ అనకపోతే భారమంతా కూలీ మీద పడుతుంది. ట్యాంకుకింత అని లెక్క ఉన్నచోట ఎదురుగాలికి ఆగడం అంటే కూలి పోగొట్టుకోవడం.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయినప్పుడు కూడా వేలెత్తి చూపడం ముందుగా కూలీల వైపే జరిగింది. గ్లౌజులు వేసుకోలేదు, మాస్కు పెట్టుకోలేదు అని.

గ్లౌజుల వాదన

వ్యవసాయ శాఖ, కంపెనీలు చెప్పేది ఇదీ: రక్షణ సామగ్రి వాడితే మందు సురక్షితమే, లోపం అవగాహనలో. ఈ మాటలో నిజం ఉంది. చేతికి మామూలు రబ్బరు గ్లౌజు వేసుకుని కలిపినా పైన చెప్పిన చెంచాడు లెక్క మారిపోతుంది. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, తలకు టోపీ చాలా అడ్డుకుంటాయి.

రెండోవైపు వాదన కూడా గట్టిదే. సముద్రం గాలి తేమతో ఉక్కపోసే సోంపేటలో, ఎచ్చెర్లలో ప్లాస్టిక్ సూటు వేసుకుని రెండు గంటలు నడవడం అంటే మందు బదులు ఎండతో ప్రమాదం కొని తెచ్చుకోవడమే. ప్రపంచ ఆహార, ఆరోగ్య సంస్థలు కలిసి తెచ్చిన పురుగుమందుల నిర్వహణ నియమావళి ఈ విషయాన్ని సూటిగానే ఒప్పుకుంటుంది. ఇబ్బందిపెట్టే, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ సామగ్రి ఉంటే తప్ప వాడలేని మందులకు, వేడి దేశాల్లోని చిన్న రైతులు, కూలీల విషయంలో దూరంగా ఉండాలన్నది దాని సారం. నాకు ఈ వాదనే నచ్చుతుంది. 2005లో కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని నిషేధించినా అది అదే షాపులో వరి పేరుతో దొరుకుతూనే వచ్చింది. 36 శాతం మోనోక్రోటోఫాస్‌ను మొత్తంగా మాన్పించే దిశగా కేంద్రం కదిలింది 2023లో. వాడేవాడు ఏ పంటకు కొడుతున్నాడో చూసే కళ్ళు ఏ చట్టానికీ లేవు.

డ్రోన్ వస్తే మనిషి తప్పుకుంటాడన్న ఆశ ఇప్పుడు ఊళ్ళలో ఉంది. మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇచ్చే పథకం 2023లో వచ్చింది. వీపు మీద ట్యాంకు, ఒంటి మీద తడి పోతాయి, అది చిన్న విషయం కాదు. కానీ లెక్క చూడండి. ఎకరాకు 500 మిల్లీలీటర్ల మందును చేత్తో కొడితే 200 లీటర్ల నీళ్ళలో కలుపుతారు. డ్రోన్ అదే మందును సుమారు 10 లీటర్లలో మోస్తుంది. అంటే ద్రావణం 20 రెట్లు చిక్కన. నింపేవారి చేతికి, గాలికి పక్క పొలంలో పడేదానికి ఆ చిక్కదనమే వర్తిస్తుంది. మన దగ్గర కమతాలు చిన్నవి, పక్క మడిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. కేరళలోని కాసరగోడ్‌లో జీడి తోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లినప్పుడు తోట కింద ఉన్న ఊళ్ళు ఏమయ్యాయో చూశాక, 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపేసింది. డ్రోన్ అంత ఎత్తున ఎగరదు, పోలిక పూర్తిగా సరిపోదు. గాలి మాత్రం ఒకటే.

ప్రకృతి వ్యవసాయం చేసేవారు మందు లేకుండా చేస్తే ఈ గొడవే లేదంటారు. రాష్ట్రంలో ఇది 2016 నుంచి ప్రభుత్వ కార్యక్రమంగా నడుస్తోంది. సోకడం అన్న కోణంలో దీన్ని మించింది లేదు. ఎదురు చెప్పేవారి అభ్యంతరం కషాయాలు కాచే శ్రమ గురించి, పురుగు ఒక్కసారిగా విరుచుకుపడిన ఏడాది పంట దక్కుతుందా అన్న టెన్షన్ గురించి. మధ్యే మార్గం కూడా ఉంది. కత్తెర పురుగుకు తొలిదశలో సుడిలో పొడి ఇసుక వేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం లాంటి వాటితో రెండు పిచికారీలు ఒకటికి తగ్గినా, చొక్కా ఉతికే మనిషికి సగం తగ్గినట్టే.

ఇక ఉద్దానం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరీ జీడీ పచ్చగా ఉండే ఈ నేలలో షుగరూ బీపీ లేనివారికి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కారణం పురుగుమందులే అనేవారికి ఆధారాలు లేకపోలేదు. కొన్ని మందులు ఎక్కువ మోతాదులో కిడ్నీని పాడుచేస్తాయి. ఇలాంటి జబ్బే శ్రీలంకలో వరి పండించే ప్రాంతంలో వచ్చింది, అక్కడ 2015లో గ్లైఫోసేట్‌ను నిషేధించారు, తర్వాత సడలించారు.

కాదనేవారి ప్రశ్నలూ బలమైనవే. గుంటూరు పత్తి, మిర్చి చేలల్లో ఇంతకన్నా చాలా ఎక్కువ మందు పోస్తారు, అక్కడ ఉద్దానం ఎందుకు లేదు? చేలోకి దిగనివారికి కూడా ఎందుకు వస్తోంది? మధ్య అమెరికాలో చెరకు కొట్టే కూలీల్లో ఇదే తరహా జబ్బు చూసినవారు ఎండలో నీళ్ళు చాలక పనిచేయడాన్ని ముఖ్య కారణంగా అనుమానిస్తున్నారు. భూగర్భ జలంలోని సిలికా, భార లోహాలు, విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ జాబితాలో ఉన్నాయి. ఒకటి కాక రెండుమూడు కలిసి పనిచేస్తుండొచ్చు. ఎక్కువ మోతాదులో కిడ్నీ పోతుందన్న నిజం, తక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి తగిలితే పోతుందన్న దానికి రుజువు కాదు. అలాగని పోదన్నదానికీ కాదు.

ఈ ముడి విప్పడానికి పరిశోధకుడికి కావలసింది ఒక పాత లెక్క: ఈ మనిషి గత ఇరవై ఏళ్ళలో ఏ మందు, ఎన్ని రోజులు, ఎలా కొట్టాడు. షాపు బిల్లు ఉంటే రైతు పేరున ఉంటుంది. డబ్బా రైతు దగ్గరే ఉంటుంది, కూలీకి బకెట్‌లో కలిపిన నీళ్ళు అందుతాయి. డాక్టరు అడిగితే అతను "ఎర్ర మూత డబ్బా", "తెల్లగా పాలలాగ అవుద్ది, ఆ మందు" అంటాడు. నిబంధన 37 చెప్పిన వైద్య పరీక్ష ఇచ్ఛాపురంలో ఒక్క పదిమందికి జరిగి, ఆ కాగితాలు ఎక్కడో ఒక బీరువాలో ఉండి ఉంటే ఇవాళ పలాసలో వాటిని తెరిచి చూసేవారు. చొక్కా ఉతికిన ఆవిడ లెక్క ఆ నిబంధనలో కూడా లేదు.